సర్వర్ మార్చాక 404లు, పాత ఐఫోన్‌లో చెదిరిన మెనూ

ప్రశ్న:
సైట్‌ను విండోస్ సర్వర్ నుంచి లినక్స్‌కి మార్చాం. కొన్ని బొమ్మలకు, పేజీలకు 404 (దొరకలేదు అనే ఎర్రర్) వస్తోంది. ఫైళ్లు మాత్రం ఫోల్డర్‌లోనే ఉన్నాయి. పైగా ఐఓఎస్ 14.4 ఫోన్లలో మెనూలోని లింకులు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. కంప్యూటర్‌లో క్రోమ్‌లో బాగానే ఉంది.

జవాబు 1:
ఫైల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడండి. విండోస్ పట్టించుకోదు, లినక్స్‌కి అవి వేర్వేరు ఫైళ్లు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లలో లింకులూ సరిచేయండి. బయటి సైట్లు పాత అడ్రస్‌లకే లింక్ ఇచ్చి ఉంటాయి కాబట్టి ఒక్కోదాన్ని దాని కొత్త పేజీకి 301 (శాశ్వత మళ్లింపు)తో మళ్లించండి. అన్నింటినీ హోమ్ పేజీకి తోసేయొద్దు, గూగుల్ వాటిని సాఫ్ట్ 404గా, అంటే పేజీ లేనట్టే లెక్కేయొచ్చు. ముందు 302 (తాత్కాలిక మళ్లింపు)తో పరీక్షించడం మేలు. 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, తప్పు పడితే వదిలించుకోవడం తలనొప్పి.

జవాబు 2:
మెనూకి ఫ్లెక్స్‌బాక్స్‌లో (సీఎస్ఎస్‌లో వరుసగా పేర్చే పద్ధతి) గ్యాప్ (మధ్య ఖాళీ) వాడారా? ఐఫోన్‌లో అది ఐఓఎస్ 14.5తోనే వచ్చింది. సపోర్ట్స్ రూల్‌తో (బ్రౌజర్‌కి ఫలానా సౌకర్యం ఉందా అని అడిగే సీఎస్ఎస్ రూల్) పట్టుకుందామన్నా కుదరదు: గ్రిడ్‌లో (గడులుగా పేర్చే పద్ధతి) గ్యాప్ ముందే ఉంది కనుక ఆ బ్రౌజర్ ‘ఉంది’ అనే చెబుతుంది. మార్జిన్ (ఒక్కో లింక్ బయట వదిలే ఖాళీ) వాడండి. ఆ ఫోన్లలో క్రోమ్ వేసుకున్నా ఇదే గతి, లోపల ఇంజిన్ సఫారీ వాడే వెబ్‌కిట్టే.

అడిగినవారు:
గ్యాపే! మార్జిన్‌తో కుదిరింది. పేర్లు మార్చాక పేజీలూ వస్తున్నాయి. ఒక్క బొమ్మకి మాత్రం 403 (అనుమతి లేదు అనే ఎర్రర్).

జవాబు 1:
అయితే అది పర్మిషన్ల గొడవ అయ్యుంటుంది. ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 ఇచ్చి చూడండి (రెండిట్లోనూ అందరూ చదవొచ్చు, యజమాని మాత్రమే మార్చొచ్చు). ఎవరైనా మార్చేయగలిగే 777 జోలికి పోవద్దు.