అండమాన్‌కి ఒంటరిగా వెళ్ళడం సబబేనా?

సాగరతీరం (విశాఖపట్నం)

కిందటి వారం ఇక్కడ ఒకరు "దీవులకి ప్యాకేజీలోనే వెళ్ళాలి, ఒంటరిగా వెళ్ళడం తెలివితక్కువ పని, అందులోనూ ఆడవాళ్ళు" అని రాశారు. ఆ మాట చదివేటప్పటికి నేను అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలోనే ఉన్నాను, ఒక్కదాన్నే. నాకు 41 ఏళ్ళు. మొత్తం ఆరు రాత్రులు గడిపాను: హేవ్‌లాక్‌లో మూడు, నీల్ దీవిలో ఒకటి, పోర్ట్ బ్లెయిర్‌లో రెండు. పేర్లు మారి ఇప్పుడివి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్, శ్రీ విజయపురం అయ్యాయి కానీ అక్కడ ఇంకా పాత పేర్లే ఎక్కువ వినిపించాయి.

హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కి టూర్ బళ్ళు మధ్యాహ్నం మూడు దాటాక వస్తాయి. సూర్యాస్తమయం చూపించి తీసుకెళ్ళిపోతాయి. నేను స్కూటీ అద్దెకి తీసుకుని పొద్దున ఆరున్నరకే వెళ్ళాను. అంత పొడవు తీరంలో నేనూ, చెట్ల కింద పడుకున్న రెండు కుక్కలూ. అంతే. నీళ్ళు పాదాల దాకా వచ్చి వెనక్కి పోతుంటే రెండు గంటలు అలాగే కూర్చున్నాను. ఎవరికీ టిఫిన్ పెట్టక్కర్లేదు, ఎవరికీ ఫోటో తీయక్కర్లేదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అలాంటి పొద్దు నాకు దొరకలేదు. దాన్ని తెలివితక్కువ అంటే నేను ఒప్పుకోను.

తప్పు కూడా చేశాను, చెప్పాలి. నీల్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే అక్కడికి నడవాలి. నేను వేళ చూసుకోకుండా వెళ్ళి, గుంటల్లో చిన్న చేపలు చూస్తూ ఉండిపోయాను. తిరిగొచ్చేటప్పటికి మడమల దాకా ఉన్న నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, కింద ఏముందో కనబడలేదు. చచ్చిన పగడపు రాయి మీద కాలు జారి అరికాలు చీరుకుపోయింది. ఒడ్డున నిమ్మసోడా అమ్మే బెంగాలీ ఆవిడ నన్ను కూర్చోబెట్టి, తాగే నీళ్ళతో కడిగి, తన కొంగు చివర చింపి కట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

హార్బర్ మావయ్య (కాకినాడ)

అమ్మా, ఆ మాట రాసింది నేనే. ముప్పై ఏళ్ళు రేవులో పనిచేశాను. మీ అరికాలు సంగతే నా వాదన. ఆవిడ లేకపోతే? పక్కన మనిషి ఉంటే "పద, నీళ్ళు పెరుగుతున్నాయి" అనేవాడు. ఇంకోటి, ఒక్కరికైనా గది అద్దె మొత్తం కట్టాలి, టాక్సీ మొత్తం కట్టాలి. ప్యాకేజీలో పంచుకుంటారు.

నీలినీళ్ళు (హైదరాబాద్)

నేను స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ అడుగుకి దిగడం) నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. నేల మీద ఒంటరిగా తిరగడం వేరు, నీళ్ళలో ఒంటరిగా దిగడం వేరు. స్కూబాలో మాకు నేర్పే ముఖ్యమైన సంగతుల్లో జతగా దిగమనేది ఒకటి. స్నార్కెలింగ్‌కీ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్ళ పైనే ఈదుతూ కిందికి చూడడం) అదే వర్తిస్తుంది. మీ చుట్టూ ఎంతమంది ఈదుతున్నా, మీ మీద కన్నేసి ఉంచే మనిషి ఒకరు లేకపోతే ఒంటరి కిందే లెక్క.

అలాగని జత ఉంటే అంతా క్షేమమనీ కాదు. 2010లో రాధానగర్ పక్కనున్న చిన్న సముద్రపు వంపులో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ మహిళని ఉప్పునీటి మొసలి లాక్కెళ్ళింది. ఆమె ఒంటరిగా లేదు, తోడు మనిషి దగ్గర్లోనే ఉన్నాడు. కాబట్టి మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉన్నచోట ఎవరితో ఉన్నా దిగొద్దు. కొన్ని బీచ్‌లలో వలకట్టి ఈతకి చోటు కేటాయించారు, దాని లోపలే ఉండండి.

స్కూబా చేసినవాళ్ళు వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి.

జంగ్లీఘాట్ తెలుగు (పోర్ట్ బ్లెయిర్)

మావయ్యగారూ, మా పేటలో శ్రీకాకుళం, విశాఖ నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగులో దారి అడిగితే చెప్పేవాళ్ళు దొరుకుతారు. మా అక్కచెల్లెళ్ళు ఒంటరిగానే తిరుగుతారు. నా భయం మనుషుల గురించి కాదు, పడవల గురించి. వాతావరణం పాడైతే ఫెర్రీలు ఆపేస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ బెడద ఎక్కువ. మధ్యాహ్నం ఫ్లైట్ పెట్టుకుని ఆ పొద్దునే హేవ్‌లాక్ నుంచి బయల్దేరతారు కొందరు. దయచేసి అలా చేయొద్దు. ముందురోజు రాత్రికి పోర్ట్ బ్లెయిర్ చేరిపోండి. దీవుల్లో ఏటీఎంలు తక్కువ, నగదు దగ్గర పెట్టుకోండి. గవ్వలు, పగడాలు ఏరి బ్యాగులో వేసుకోకండి, అది నేరం.

సాగరతీరం

మావయ్యగారూ, నీళ్ళ సంగతి ఒప్పుకుంటున్నాను. హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో నేను గైడ్‌తోనే నీళ్ళలో దిగాను. నీల్‌లో కూడా నడిచే ముందు సముద్రం పెరిగే వేళ హోటల్లో అడిగి ఉండాల్సింది. కానీ దానికి కావలసింది ఆ ఒక్క కబురు, ఏడు రోజుల ప్యాకేజీ కాదు. డబ్బు గురించి మీరన్నది నిజమే, గది నాకు భారమైంది. స్కూటీ వల్ల టాక్సీ ఖర్చు మాత్రం తప్పింది.

హార్బర్ మావయ్య

స్కూటీ మీద పడితే ఎవరు చూస్తారమ్మా? నా మాట మీద నేనున్నాను. కానీ ఆ ముందురోజు చేరిపోవాలన్న మాట ప్రతివాళ్ళూ రాసిపెట్టుకోవాలి.

వేసవి మొగలి (రాజమండ్రి)

అక్కా, నాకు 26. పగలు ఎలాగో గడుస్తుంది. రాత్రిళ్ళు ఎలా?

సాగరతీరం

మంచి ప్రశ్న అడిగావు. అండమాన్ మనకి చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరిలో ఐదుంపావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. ఆరింటికే చీకటి. ఆ సాయంత్రాలే కష్టం. రెండోరోజు గదిలో కూర్చుని ఏడ్చాను, ఎందుకో కూడా తెలియదు. అమ్మకి ఫోన్ చేస్తే సిగ్నల్ సగం మాటలు మింగేసింది. మూడోరోజు నుంచి పద్ధతి మార్చాను. ఐదున్నరకి స్నానం, ఆరింటికి జనం ఉండే మెస్‌లో చేపల పులుసు అన్నం, ఎనిమిదిన్నరకి నిద్ర, తెల్లారి ఐదుకి లేవడం. అక్కడ పొద్దు కూడా అంత తొందరగానే వస్తుంది. ఒక నవల, ఒక టార్చి తప్పక పెట్టుకో. బీచ్ రోడ్డు మీద దీపాలు చాలా తక్కువ. కాళ్ళకి దోమల క్రీమ్ కూడా, ఇసుకలో కుట్టే చిన్న పురుగులు సాయంత్రం ఎక్కువగా బయటికొస్తాయి.