జింకలు రాకుండా వాసన మందులు పనిచేస్తాయా?

మాది ఉదయగిరి వైపు, కొండ కింద రెండెకరాల పెసర. విత్తి 32 రోజులైంది, పూత మొదలైంది. ఓ పది రోజుల నుంచి రాత్రి 2 నుంచి 4 మధ్యలో చుక్కల జింకలు ఆరేడు వచ్చి చిగుళ్లు కొరికేసి పోతున్నాయి, ఉత్తరం గట్టు వైపు పావెకరం ఇప్పటికే మోడైంది.

ముందు చుట్టూ పాత చీరలు కట్టాం, రెండు రాత్రులు బెదిరాయి అంతే. తర్వాత సెలూన్ నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాం, అది అడవి పందులకేమో గానీ జింకలు అసలు లెక్కచేయలేదు (పంది నేల వాసన చూస్తూ తవ్వుతుంది, జింక తల ఎత్తి మేస్తుంది, బహుశా అందుకే). ఆఖరికి పది కోడిగుడ్లు ఐదు రోజులు కుళ్లబెట్టి, వడగట్టి, 20 లీటర్ల ట్యాంకులో కలిపి గట్టు వెంట కొట్టాం. మూడు రాత్రులు ఒక్కటీ రాలేదు, నాలుగో రాత్రి మంచు బాగా పడింది, మళ్లీ వచ్చేశాయి. ఘాటు వాసన పురుగుమందు గుళికల మూటలు కట్టమన్నారు, మేకలు తిరిగే చోటు కదా, నాకు ధైర్యం చాల్లేదు. ఉచ్చులు, కరెంటు తీగ మాట ఎవరూ చెప్పొద్దు, 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం జైలే, పైగా మనుషులే పోతారు.

గుడ్డు ద్రావణం మంచుకి కడుక్కుపోకుండా అందులో ఏం కలిపితే, ఎన్ని రోజులకొకసారి కొడితే మీ చేలో జింకలు నిజంగా ఆగాయి?