సామాన్య నీతిని తర్కంతో సమర్థించగలమా?

ప్రశ్న:
అబద్ధమాడకూడదు, మాట తప్పకూడదు, అకారణంగా ఎవరినీ బాధపెట్టకూడదు అన్న నియమాలను దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అయితే అందరూ ఒప్పుకున్నంత మాత్రాన అవి సరైనవని రుజువు కాదు. బానిసత్వాన్ని కూడా ఒకప్పుడు చాలామంది సమర్థించారు. పత్రం లేకుండా అప్పు ఇచ్చిన మనిషి చనిపోయాడని, ఆ సంగతి అతని పిల్లలకు తెలియదని అనుకుందాం. దేవుణ్ణి, చట్టాన్ని పక్కన పెట్టి, ఆ డబ్బు తిరిగి ఇవ్వాలని అప్పు తీసుకున్నవాడిని కేవలం తర్కంతో ఒప్పించగలమా?

సమాధానం 1:
ఒప్పించగలమనే నేను నమ్ముతున్నాను. మనం పాటించే సూత్రం అందరికీ నియమమైతే ఏమవుతుందో చూడమని జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో చెప్పారు. సాక్ష్యం లేని అప్పును ఎవరైనా ఎగ్గొట్టవచ్చంటే, అలా అప్పు ఇచ్చేవారే ఉండరు. ఎగ్గొట్టేవాడు ఏ నమ్మకం వల్ల లాభపడ్డాడో దాన్నే కాదంటున్నాడు.

సమాధానం 2:
ఆ వైరుధ్యం నియమం అందరిదీ అయినప్పుడే వస్తుంది. అతడు కోరేది తనొక్కడికి మినహాయింపు. మాట తప్పేవాడు బయటపడితే ఎవరూ అతణ్ణి తమలో చేర్చుకోరని, బయటపడనని ధీమాగా ఉండటం వివేకం కాదని ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ 1651లో వాదించారు. కానీ ఇక్కడ బయటపడే దారే లేదు. లాభాన్ని చూపి నీతిని నిలబెడితే, లాభం లేనిచోట అది కూలిపోక తప్పదు.

సమాధానం 3:
ఒక మనిషిని కదిలించడం, ఒక నియమాన్ని సమర్థించడం వేర్వేరు పనులు. చావు, నొప్పి, అశక్తత, స్వేచ్ఛను గానీ సుఖాన్ని గానీ కోల్పోవడం, వీటిని తగిన కారణం లేకుండా వివేకవంతులెవరూ కోరుకోరని అమెరికన్ తత్వవేత్త బెర్నార్డ్ గెర్ట్ అంటారు. కాబట్టి అందరికీ తెలిసి, అందరికీ వర్తించే వ్యవస్థ ఏదైనా కావాలంటే, ఈ హానులను నిషేధించే నియమాలనే వారు ఎంచుకుంటారు. నియమం తప్పినవాడు తప్పనిసరిగా అవివేకి అని మాత్రం ఆయన అనలేదు; ఈ నిజాయితీ నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. బానిసత్వం ఈ పరీక్షలో నిలవదు, ఎందుకంటే బానిస కూడా ఒప్పుకోవలసినవారిలో ఒకడు, అతణ్ణి ఎవరూ అడగనే లేదు. మీ రుణగ్రస్తుడి సంగతీ అంతే: అతని ఎత్తుగడ ఆ పిల్లలకు తెలియనంతవరకే సాగుతుంది, వారి ముందు చెప్పుకోగల కారణం అతనివద్ద లేదు.

ప్రశ్న అడిగినవారు:
అప్పు విషయంలో మీ వాదనను అంగీకరిస్తున్నాను. మరి ఏ వ్యవస్థకూ తమ ఒప్పుదల చెప్పలేని పసిపిల్లలకు, జంతువులకు ఈ నియమాల రక్షణ ఏ ఆధారంతో దక్కుతుందో కూడా దయచేసి వివరించగలరా?