నాన్న డైరీలో 11 చోట్ల "సగం" అని ఉంది. జనరంజని విన్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

కాలవగట్టు:

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న పోయి ఏడాది అయింది. మొన్న సంవత్సరీకానికి ఊరెళ్లి అటక మీద ట్రంకు పెట్టె దించితే, ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన 1986 డైరీ ఒకటి దొరికింది. కౌలు లెక్కలేమో అనుకుని తెరిచాను. లెక్కలు కావు, పాటలు. ఒక్కో పేజీలో తేదీ, పాట మొదటి మాట, పక్కన టిక్కు. ఆ పక్కన కొన్నిచోట్ల "చదివారు" అని, కొన్నిచోట్ల "పేరు రాలేదు" అని ఉంది. 11 చోట్ల మాత్రం "సగం" అని రాసి కింద గీత గీశారు.

అమ్మని అడిగితే, విజయవాడ వివిధ భారతి రేడియోకి, అందులో శ్రోతలు కోరిన పాటలు వేసే జనరంజనికి కార్డులు రాసేవాడని చెప్పింది. ఇంకేమైనా అడగబోతే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను పుట్టింది 1990లో. ఇంట్లో టీవీ మోతే తప్ప రేడియో విన్న గుర్తు లేదు. ఆ కార్డులు అక్కడ ఏం చేసేవాళ్లు? నిజంగా చదివేవాళ్లా, లేక తెలిసినవాళ్లవే తీసేవాళ్లా? "సగం" అంటే ఏమిటి? రెండు మూడు పేజీల్లో "సిలోన్" అని కూడా ఉంది, అదేంటో చెప్పినా సంతోషం.

పాత అనౌన్సర్:

బాబూ, "సగం" అంటే ఏమిటో నాకు తెలుసు. ముందు కార్డుల సంగతి చెప్పి దాని దగ్గరికి వస్తాను.

1983 నుంచి 1991 దాకా నేను వివిధ భారతి వాణిజ్య ప్రసార విభాగంలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. మీ నాన్నగారు విన్న స్టేషన్ కాదు, వేరే ఊరు. పని పద్ధతి మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే. మాకు నెలకి ఆరు డ్యూటీలకి మించి ఇచ్చేవారు కాదు. మిగతా రోజులు ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. ఆ ఆరు రోజుల కోసమే నెలంతా ఎదురుచూసేదాన్ని.

కార్డులు కట్టలు కట్టలుగా వచ్చేవి. అప్పట్లో కార్డు 15 పైసలు. వాటిని ముందు పాటవారీగా విడదీసి రబ్బరు బ్యాండు వేసేవాళ్లం. ఆ పాట రికార్డు మా లైబ్రరీలో ఉందా, ఉంటే అరిగిపోకుండా ఉందా, ఈమధ్యే వేశామా అన్నది చూసుకుని పాటలు ఎంచేవాళ్లం. పాట పేరు, రికార్డు నంబరు, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు అన్నవన్నీ క్యూ షీటు మీద రాసి డ్యూటీ ఆఫీసరుకి ఇవ్వాలి. అందుకని, తెలిసినవాళ్లు కాబట్టి తీశారేమో అనే అనుమానం పెట్టుకోకండి. ఎక్కువమంది అడిగిన పాట కట్టే లావుగా ఉండేది, అదే ముందు కంటపడేది. మీ నాన్నగారు ఎవరూ అడగని పాట ఒక్కరే అడిగి ఉంటే, ఆ కార్డు అడుగున పడిపోయి ఉంటుంది. "పేరు రాలేదు" అన్న పేజీల్లో ఏ పాటలున్నాయో ఒకసారి చూడండి.

ఆ కార్డులు ఎలా ఉండేవో చెప్పాలి. నాలుగు మూలలా పసుపు పెట్టినవి, స్కెచ్ పెన్నుతో అంచులకి పూలు వేసినవి, చిరునామా పక్కన మిగిలిన జాగాలో కూడా పేర్లు ఇరికించినవి. తన పేరు, భార్య పేరు, పిల్లలు, బావమరుదులు, రచ్చబండ మిత్రులు, ఆఖర్న "మరియు గ్రామస్థులు". ఒక పాటకి ముప్పై పేర్లు వస్తే, గబగబా చదివినా నిమిషం దాటిపోతుంది. పాటేమో మూడున్నర నిమిషాలు. పేర్లు తగ్గించు అని పెద్దవాళ్లు చెప్పేవారు. నాకు మనసొప్పేది కాదు. ఆ కార్డు రాసిన మనిషి సెట్టు పక్కన కూర్చుని, నలుగురినీ పిలిచి "ఇప్పుడు వస్తుంది, మాట్లాడకండి" అంటూ ఉంటాడని నాకు తెలుసు. మా ఇంట్లో మా అన్నయ్య అలాగే కూర్చునేవాడు. పాట వాళ్లు ఎక్కడైనా వినొచ్చు, పెళ్లి పందిట్లో మైకు సెట్టువాడే వేస్తాడు. వాళ్ల పేరు, వాళ్ల ఊరి పేరు గాలిలోంచి వినపడేది మాత్రం మా దగ్గరే.

అందుకే తప్పు చదివితే అంత బాధ. ఒక వానాకాలం, కార్డు తడిసి ఊరి పేరు చివర అలికిపోయింది. కొత్తపాలెం అన్నదాన్ని నేను కొత్తపేట అని చదివేశాను. పది రోజులకి ఇంకో కార్డు వచ్చింది. పాట ఏదీ అడగలేదు. "అక్కా, మాది పాలెం. పేటవాళ్లు ఆ పేర్లు మావాళ్లవే అని మమ్మల్ని ఏడిపిస్తున్నారు" అని ఒక్క ముక్క. తర్వాతి డ్యూటీలో డ్యూటీ ఆఫీసరుని బతిమాలి, ఆ కట్టలో లేకపోయినా ఆ పేర్లన్నీ మళ్లీ చదివాను. కొత్తపాలెం అని రెండుసార్లు అన్నాను.

ఇక స్టూడియో. రికార్డులు తిప్పే టర్న్‌టేబుళ్లు రెండు, పక్కన ప్రకటనల స్పాట్లున్న టేపు. ఒక పాట పోతుండగానే రెండో దాని మీద తర్వాతి రికార్డు పెట్టి, హెడ్‌ఫోన్లో వింటూ, సంగీతం మొదలయ్యే గాడి దగ్గర ముల్లు ఆపాలి. అక్కడి నుంచి రికార్డుని అర చుట్టు వెనక్కి తిప్పి, అంచుని వేలితో పట్టుకుని ఉండాలి. నా మాట అయిపోగానే వేలు తీయాలి. ఆ అర చుట్టులో పళ్లెం వేగం అందుకుంటుంది. వెనక్కి తిప్పడం మరిస్తే పాట మూలుగుతూ మొదలవుతుంది. ఇదంతా చేస్తూనే పేర్లు చదవాలి, గొంతులో నవ్వు ఉండాలి. ఆ తర్వాత చిత్రం, గానం, రచన, సంగీతం, నాలుగూ చెప్పాలి. పాట రాసినవారి పేరు చెప్పకుండా పాట వేస్తే మాకు తప్పు కిందే లెక్క. చదువు రాని ఇళ్లలో కూడా ఆరుద్ర, ఆత్రేయ, దాశరథి, సినారె అన్న పేర్లు నోటికి వచ్చాయంటే దానివల్లే అని గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మీ "సగం". కార్యక్రమం సెకనుకి ముగియాలి. ఆ వెనక ప్రకటనలు ఉంటాయి, వాటికి డబ్బు కట్టినవాళ్లు ఉంటారు. తర్వాతి కార్యక్రమం వేచి ఉండదు. పేర్లు ఎక్కువైతే ఆ సమయమంతా చివరి పాట మీద పడుతుంది. రెండో చరణం దగ్గరో, ఒక్కోసారి మొదటి చరణం కాగానేనో, శబ్దం మీట నెమ్మదిగా తగ్గించేసేవాళ్లం. వినేవాళ్లకి పాట దూరంగా వెళ్లిపోతున్నట్టు ఉంటుంది. మీ నాన్నగారి పాట ఆ రోజు చివర వచ్చింది. పేరు చదివారు కాబట్టి టిక్కు పెట్టారు, పాట పూర్తి కాలేదు కాబట్టి "సగం" అన్నారు. నేను ఎన్ని వందల పాటలు అలా తగ్గించానో. అవతల ఒకాయన డైరీలో రాసుకుని ఉంటాడని ఇన్నేళ్లకి తెలిసింది. పేర్లన్నీ చదవాలని పట్టుబట్టినదాన్ని నేనే, పాట కోసిందీ నేనే.

రేడియో రిపేరు షాపు:

అమ్మా, మీరు ఏ ఊళ్లో చేశారో గానీ మీ గొంతు నా బల్ల మీద సెట్లలోంచి వచ్చే ఉంటుంది. గుడివాడలో 1974 నుంచి రేడియోలు బాగుచేశాను.

కాలవగట్టు గారూ, సిలోన్ సంగతి నేను చెబుతాను. 1952లో కేంద్రంలో సమాచార, ప్రసార మంత్రిగా వచ్చిన కేస్కర్ గారికి సినిమా పాటలు గిట్టవు. ఆకాశవాణిలో అవి దాదాపు ఆగిపోయాయి. జనం ఊరుకుంటారా? కొలంబో నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. వాళ్లది షార్ట్ వేవ్, సముద్రం దాటి ఇక్కడికి గంట కొట్టినట్టు వినపడేది. అయిదేళ్లు చూసి 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధ భారతి మొదలుపెట్టింది. 1967లో బొంబాయిలో అందులోకి ప్రకటనలు వచ్చాయి. ఆ 1967లోనే రేడియో సిలోన్ పేరు సిలోన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది, 1972లో శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది, మనవాళ్ల నోట మాత్రం సిలోనే. అందులో మధ్యాహ్నం పూట తెలుగు పాటలు వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గారు చెప్పేవారు. ఆమె తెలుగులో ఒక రకమైన తీపి యాస ఉండేది. మా షాపులో ఆ వేళకి పని ఆపేసేవాళ్లం.

డైరీలో ఆ రెండు మూడు పేజీలే ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. విదేశానికి ఉత్తరం అంటే తపాలా ఖర్చు ఎక్కువ.

ఇంకో మాట. ఆ అటక మీదే మీ నాన్నగారి ట్రాన్సిస్టర్ కూడా ఉందేమో చూడండి. ఉంటే పారేయకండి. వెనక మూత తీస్తే వేలెడు పొడవున నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దానికి సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. మీడియం వేవ్‌ని పట్టేది అదే. కడ్డీ పక్క స్టేషన్ వైపు ఉంటే పాట బాగా వస్తుంది, మొన స్టేషన్ వైపు పెడితే పడిపోతుంది. పెద్దవాళ్లు సెట్టుని అటూ ఇటూ తిప్పి ఒక మూల పెట్టి "దీన్ని కదపొద్దు" అనేది అందుకే. సెల్లు కారి తుప్పు పట్టి ఉంటే స్ప్రింగులు మారిస్తే చాలు. నాకు పంపితే చేసిపెడతాను, డబ్బులేమీ వద్దు.

మైక్ ముందు:

హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చిన కొత్తలో, 2006లో, ఒక స్టేషన్లో ప్రోగ్రామింగ్‌లో చేరాను. పాత అనౌన్సర్ గారు చెప్పింది చదువుతుంటే మేం ఏం వదిలేశామో అర్థమైంది.

మా దగ్గర పాటల వరస సాఫ్ట్‌వేర్ వేసేది. కొత్త హిట్లు ఒక గంప, రెండు మూడేళ్ల నాటివి ఒక గంప, పాతవి ఇంకోటి. ఏ గంపలోది ఎన్ని గంటలకి మళ్లీ రావాలో ముందే పెట్టేస్తాం. శ్రోత ఫోన్ చేసి అడిగే పాట చాలాసార్లు ఆ వరసలో ముందే ఉన్నదే. కాల్ రికార్డు చేసి, తడబాట్లు కోసి, పాటకి ముందు అతికిస్తాం. సగంలో తెగే ప్రసక్తే లేదు, అన్నీ కంప్యూటరు లెక్క. కానీ పాట రాసినవారి పేరు చెప్పే అలవాటు మాతో పోయింది. ఒకసారి నేను పట్టుబట్టి వారం రోజులు చెప్పాను. మాట తగ్గించి పాట పెంచమని పైనుంచి చెప్పారు.

ఊళ్ల పేర్లు కూడా అంతే. ఎఫ్‌ఎం టవరు కనుచూపు మేర వరకే. మా కాలర్లు కాలనీల పేర్లు చెప్పేవాళ్లు.

కాలవగట్టు:

అందరికీ రెండు చేతులా దండం. అమ్మకి పాత అనౌన్సర్ గారి జవాబు మొత్తం చదివి వినిపించాను. "పేరు రాలేదు" అన్నవి కూడా చూశాను. చాలావరకు నేను పేరు కూడా వినని సినిమాల్లోవి.

"సగం" దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆపమంది. తర్వాత తనే చెప్పింది. పాట అలా తగ్గిపోయిన రోజు నాన్న సెట్టు కట్టేసి, అరుగు మీద కూర్చుని మిగతా చరణం తనే పాడేవాడట. గొంతు పెద్ద గొప్పదేం కాదు, కానీ మాట ఒక్కటి తప్పేవాడు కాదు అంది. ఎదురింటివాళ్లకి కూడా "ఇవాళ సగమే వేశారన్నమాట" అని తెలిసిపోయేదట.

ట్రాన్సిస్టర్ దొరికింది. సెల్లు కారిపోయి ఉంది. గుడివాడ ఎప్పుడు రమ్మంటారో చెప్పండి.

పాత అనౌన్సర్:

ఆ 11 పాటలు ఏమిటో రాయండి బాబూ. తేదీలు కూడా.