సమస్యాపూరణం: "వ్రాయకున్నవాఁడె వాసికెక్కు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం, దానికి అతికేలా ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

వ్రాయకున్నవాఁడె వాసికెక్కు

వ్రాయ, కున్న, వాఁడె, వాసి, కెక్కు. అయిదూ గలాలే (గురువు, లఘువు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలోని అక్షరంతో మైత్రి, వ్రా–వా. కొత్తవారి కోసం ఒక్కసారి: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (గలం లేదా మూడు లఘువులు), ఆపైన రెండు ఇంద్రగణాలు (నగ, సల, నల, భ, ర, త), రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవడం) అక్కర్లేదు, యతికి బదులు ప్రాసయతి (యతి అక్షరాల పక్కనున్న రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది.

రాయనివాడికి పేరు రావడమేమిటన్నదే చిక్కు. "ఏది" రాయనివాడు, "ఎప్పుడు" రాయనివాడు, "ఎక్కడ" రాయనివాడు అని అడుగుతూ పోతే దారులు తెరుచుకుంటాయి. జవాబు మూడో పాదం చివర పడాలి కాబట్టి ముందు ఆ పాదమే అల్లుకోండి. మొదటి పాదం నుంచి మొదలుపెడితే వర్ణనతోనే చోటు నిండిపోయి, చివరికి సమస్య అతుకులా మిగులుతుంది.

చిక్కడపల్లి సభ్యుడు:
కలముఁ బట్టకుండఁ గవితలఁ జెప్పుచు
ధారణమున నిలిపి తప్పు లేక
అష్టపృచ్ఛకులకు నవధానసభలోన
వ్రాయకున్నవాఁడె వాసికెక్కు

నిర్వాహకుడు:
చాలా చక్కని దారి. అవధాని, అంటే సభలో పృచ్ఛకులు (ప్రశ్నలు వేసేవారు) అడిగినవాటికి అప్పటికప్పుడు పద్యం చెప్పేవాడు, కాగితం ముట్టడు. సమస్య, దత్తపది (ఇచ్చిన మాటలతో పద్యం), వర్ణన, నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరం వాడకుండా పద్యం) ఒక్కో ఆవృత్తికి (చుట్టుకి) ఒక్కో పాదంగా నడుస్తాయి, చివర అన్ని పద్యాలూ ధారణలో (గుర్తుపెట్టుకుని) అప్పజెప్పాలి. సమస్యలోని విరోధం నిజంగానే పోయింది, మాటల గారడీతో కాదు.
ఒక్క సవరణ. "లేక" తర్వాత "అష్ట" అని విసంధిగా (సంధి చేయకుండా) వదలకండి, "యష్టపృచ్ఛకులకు" అని రాయండి. యతికి నష్టం లేదు, సంధిలో ఉన్న అకారానికే మైత్రి చూస్తాం.

సైదాబాద్ సభ్యురాలు:
సందేహమండీ. "లోన" తర్వాత "వ్రా" వచ్చింది కదా, "న" గురువైపోదా?

నిర్వాహకుడు:
కాదమ్మా. తెలుగులో వేరే పదం మొదట సంయుక్తాక్షరం ఉంటే ముందు పదం చివరి లఘువు లఘువుగానే ఉంటుంది. సంస్కృత సమాసం లోపలైతే గురువవుతుంది. "అష్టపృచ్ఛ" సమాసమే అయినా అక్కడ "ష్ట" లఘువే, ఎందుకంటే "పృ"లో ఉన్నది ఋ అనే అచ్చు, రకారపు ఒత్తు కాదు. గణవిభజనలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

మల్కాజిగిరి సభ్యుడు:
భావ మొకటి చాలుఁ బద్యమ్ము నిలువంగ
గణము నింపఁ దెచ్చు కల్ల పదము
నొక్కటైన నచట నూరక చేర్చుచు
వ్రాయకున్నవాఁడె వాసికెక్కు

ఉప్పల్ సభ్యురాలు:
భావం బాగా నచ్చిందండీ. కానీ "అచట" ఎక్కడ? ముందు ఏ చోటూ చెప్పలేదు. మూడు లఘువుల గణం కావలసివచ్చి కూర్చున్న మాట అది. పూరకపదాలు వద్దనే పద్యంలో అది మరీ కనబడుతుంది. ఆ పాదం ఇలా ఉంటే?

నొక్కటైన వెదకి యూఁతగాఁ జేర్చుచు

ఒ–ఊ యతి నిలిచింది, "ఊఁతగా" రగణం (గురువు, లఘువు, గురువు). "వెదకి" అనేసరికి కవి చేసే పని కంటికి కనబడుతోంది.

నిర్వాహకుడు:
ఈ సవరణ అందరూ రాసి పెట్టుకోదగ్గది. పద్యం పూర్తయ్యాక ఒక్కో మాటా తీసేసి చదవండి. అర్థం చెడకపోతే ఆ మాట గణం కోసం వచ్చినట్టే. ఇపుడు, అచట, మఱియు, చాల, ఎంతొ: వీటిని మొదట అనుమానించాలి.

కూకట్‌పల్లి సభ్యుడు (కొత్త):
చేతి వ్రాత మాని సెల్లుపై నొత్తుచు
తెల్లవాఱఁగానె తేటగీతి
గుంపులోనఁ బెట్టు కవులలో నీనాఁడు
వ్రాయకున్నవాఁడె వాసికెక్కు

నిర్వాహకుడు:
గణాలన్నీ సరిపోయాయి, తొలి ప్రయత్నానికి ఇది మంచి పట్టు. మూడో పాదంలో యతి తప్పింది. గు–క: హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. యతికి రెండూ కావాలి. "గు"కి ఉ, ఊ, ఒ, ఓ లతో కూడిన కవర్గాక్షరం వెతకండి. "గుంపులోనఁ బెట్టు కొత్తవారలయందు" అంటే చాలు.
"సెల్లు" వాడినందుకు నాకు అభ్యంతరం లేదు, నేటి పద్యంలో నేటి వస్తువు ఉండాలి. పూరణే కొంచెం పలచన. మీటలు నొక్కినా రాసినట్టే అని ఎదుటివాడు అనగలడు. పైగా పొద్దున్నే పద్యం పెట్టడం వల్ల పేరు ఎందుకొస్తుందో పద్యంలో లేదు. "వాసికెక్కు"కు కారణం చూపితేనే పూరణ నిలుస్తుంది.

సైదాబాద్ సభ్యురాలు:
పూర్వకవుల కృతులఁ బూని చదువకయె
గురువు మాట వినక కుదురులేక
తొందరపడి మదికిఁ దోఁచినదెల్లను
వ్రాయకున్నవాఁడె వాసికెక్కు

ఉప్పల్ సభ్యురాలు:
ధార హాయిగా ఉంది. మూడో పాదం సమస్యలోకి జారినట్టే దిగింది. అయితే కుదురులేకపోవడం, తొందరపడటం ఒకటే కదా. రెండో చోట ఒక పని పెడితే బలం వస్తుంది:

గురువు మాట వినక కొట్టివేయ
కుండ మొదట మదినిఁ గుదిరినదంతయు

నిర్వాహకుడు:
కొట్టివేత వచ్చాక పద్యానికి బరువు వచ్చింది. నా ఓటు దీనికే.

కూకట్‌పల్లి సభ్యుడు (కొత్త):
ధన్యవాదాలండీ. హైదరాబాదులో దీన్ని దగ్గరగా నేర్చుకునే చోట్లు ఏమున్నాయి?

చిక్కడపల్లి సభ్యుడు:
ముందు అవధానాలకు వెళ్ళండి. మా చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనూ రవీంద్రభారతిలోనూ జరుగుతుంటాయి. ఊరికే వినొద్దు. సమస్య ఇవ్వగానే పుస్తకంలో రాసుకుని, అవధాని మళ్ళీ ఆ పృచ్ఛకుడి దగ్గరకొచ్చేలోపు మీ పాదం పూర్తిచేయండి. మధ్యలో మిగతా పృచ్ఛకులందరి వంతూ ఉంటుంది కాబట్టి సమయం దొరుకుతుంది. తర్వాత అవధాని పాదం పక్కన మీది పెట్టి చూసుకుంటే, అదే యతిస్థానంలో ఆయన ఏ మాట ఎందుకు ఎంచుకున్నాడో తెలిసిపోతుంది.
చదవడానికి సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, 1901లో పెట్టినది. 1943లో పెట్టిన సారస్వత పరిషత్తు సభలు తిలక్ రోడ్డులో జరుగుతాయి. వక్తలతో తర్వాత మాట్లాడే వీలుంటుంది, మొహమాటపడకండి, పద్యం చేతికివ్వండి.

ఉప్పల్ సభ్యురాలు:
పోటీకి పంపేవారికి ఒక మాట. పదాలు విడదీసి, అరసున్నలు (ఁ) పెట్టి రాయండి. "కృతులఁ బూని" అన్నచోట అరసున్న లేకపోతే "బూని" ఎందుకొచ్చిందో చదివేవారికి అంతుపట్టదు. పంపేముందు ఇంకొకరి చేత పైకి చదివించండి. వాళ్ళు ఆగినచోట గణమో అన్వయమో తేడాగా ఉంటుంది.

నిర్వాహకుడు:
వచ్చే వారం తేటగీతి. సూర్యగణం ఒకటి, ఇంద్రగణాలు రెండు, మళ్ళీ సూర్యగణాలు రెండు.

పుస్తకము మూసి చదివినఁ బుణ్యమబ్బు