భగత్ సింగ్ థిండ్ కేసు, 1923: తెల్లవాడినని వాదించడం తప్పా, చట్టం మిగిల్చిన ఒకే దారా?

కృష్ణాతీరం:

అమెరికా సుప్రీంకోర్టు 1923 ఫిబ్రవరి 19న వెలువరించిన థిండ్ తీర్పు పూర్తిపాఠాన్ని ఈ వారం మొదటిసారి చదివాను. భారతీయులు తెల్లవారు కారని చెప్పిన తీర్పు అని ఇన్నాళ్ళూ వినడమే తప్ప చదివింది లేదు. చదివాక, తీర్పు కంటే ఎక్కువగా, థిండ్ పక్షాన కోర్టు ముందు పెట్టిన వాదన నన్ను కలవరపెట్టింది.

తెలియనివారి కోసం నేపథ్యం చెబుతాను. పరాయి గడ్డ మీద పుట్టి వచ్చినవారికి పౌరసత్వం ఇవ్వడానికి అమెరికా చేసిన తొలి చట్టం 1790 నాటిది. దాని ప్రకారం స్వేచ్ఛగా ఉన్న తెల్లవారికి మాత్రమే ఆ అర్హత ఉంది. అంతర్యుద్ధం ముగిశాక, 1870లో, ఆఫ్రికాలో పుట్టినవారినీ ఆ సంతతివారినీ చేర్చారు. ఈ రెండింటిలో దేనికీ స్పష్టంగా చెందని ఆసియావారి సంగతిని కోర్టులు ఒక్కొక్క కేసుగా తేల్చుకుంటూ వచ్చాయి. థిండ్ పంజాబులో పుట్టిన సిక్కు. 1913లో అమెరికా చేరారు, ఆరెగాన్‌లోని కలప మిల్లుల్లో పని చేశారు, 1918లో ఆ దేశ సైన్యంలో చేరారు. అదే ఏడాది డిసెంబరులో సైనిక దుస్తుల్లో ఉండగానే పౌరసత్వం వచ్చింది. నాలుగు రోజులు తిరిగేసరికి రద్దయింది. 1920లో ఆరెగాన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి మళ్ళీ మంజూరు చేస్తే, ప్రభుత్వం పైకోర్టుకు వెళ్ళింది.

అక్కడి నుండి సుప్రీంకోర్టుకు చేరిన ఆ కేసులో థిండ్ తరఫున చెప్పినది ఇది: జాతులను వర్గీకరించిన పండితులు ఉత్తర భారతీయులను కాకేసియన్లలో చేర్చారు, కాకేసియన్లంటే తెల్లవారే, కనుక థిండ్ తెల్లవాడు. అంతటితో ఆగి ఉంటే నేను ఈ చర్చ మొదలుపెట్టేదాన్ని కాదు. అగ్రకుల హిందువుల్లో రక్తం కలవలేదని నిరూపించడానికి, వాళ్ళు ఇక్కడి ఆదివాసులను పెళ్ళి సంబంధాల విషయంలో అమెరికన్లు నల్లవారిని చూసినట్లే చూస్తారని కూడా వాదనపత్రంలో రాశారు. తన హక్కు కోసం మరొకరి అవమానాన్ని సాక్ష్యంగా తెచ్చిన ఈ వాదన తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఓరుగల్లు వకీలు:

కృష్ణాతీరం గారూ, నేను ఇరవై ఏళ్ళుగా కోర్టుల్లో పని చేస్తున్నాను కాబట్టి ఆ వృత్తి వైపు నుండే జవాబు చెబుతాను. ఆ కాలంలో థిండ్ న్యాయవాదుల ముందు ఏయే దారులు ఉన్నాయో చూడకుండా వాళ్ళను తప్పుపట్టలేము.

చట్టంలోని జాతి నిబంధనే చెల్లదని వాదించవచ్చు కదా అని ఇవాళ మనకు అనిపిస్తుంది. రాజ్యాంగపు 14వ సవరణలో చట్టం ముందు సమానత్వం ఉంది గాని, ఆ మాటలు రాష్ట్రాలను ఉద్దేశించి రాసినవి. అటువంటి బాధ్యత కేంద్ర ప్రభుత్వానికి కూడా ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 1954 దాకా పట్టింది. దానికి తోడు, విదేశీయులను రానివ్వాలా వద్దా అన్నది పూర్తిగా ప్రభుత్వం చేతిలోని అధికారమని 1889లో చైనీయుల కేసులో అదే కోర్టు చెప్పి ఉంది. పౌరసత్వానికి నియమాలు చేసే అధికారాన్ని రాజ్యాంగమే కాంగ్రెసుకు, అంటే అక్కడి చట్టసభకు, ఇచ్చింది. అంటే 1923లో 'ఈ చట్టం అన్యాయం' అని నిలబడిన వకీలు ఆ పూటకే ఓడిపోయి ఇంటికి వెళ్ళేవాడు. దరఖాస్తులో రెండే గడులు ఉన్నప్పుడు, మూడో గడి మనమే గీసుకుని టిక్కు పెడితే ఆ కాగితం వెనక్కి వస్తుంది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. థిండ్ కేసుకు మూడు నెలల ముందు, 1922 నవంబరులో, తకావో ఒజావా అనే జపనీయుడి కేసు తేలింది. ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉన్నానని, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతామని, తన చర్మం చాలామంది తెల్లవారి కంటే తెల్లనిదని ఆయన చెప్పుకున్నారు. జస్టిస్ జార్జ్ సదర్లాండ్ ఆ తీర్పు రాస్తూ, తెల్లవారంటే కాకేసియన్లనీ, జపనీయులు కాకేసియన్లు కారనీ తేల్చారు. సుప్రీంకోర్టే అలా చెప్పాక, కాకేసియన్‌నని నిరూపించుకోగలిగిన కక్షిదారు తరఫున ఏ వకీలైనా వేరే వాదన ఎంచుకుంటాడా? థిండ్ వంతు వచ్చేసరికి అదే న్యాయమూర్తి మాట మార్చారు. చట్టంలోని మాటకు పండితుల అర్థం పనికిరాదని, సామాన్యుడు దేన్ని తెల్లజాతి అనుకుంటాడో అదే కొలమానమని రాశారు. తీర్పు ఏకగ్రీవం. ఇక్కడ తప్పు కొలబద్దను మార్చిన కోర్టుది.

కృష్ణాతీరం:

వకీలు గారూ, కోర్టు కొలబద్ద మార్చిందన్న మీ మాటతో నాకు పేచీ లేదు. ఒజావా తీర్పు ఉండగా కాకేసియన్ వాదన చేయకుండా ఉండలేరని కూడా ఒప్పుకుంటున్నాను. నా అభ్యంతరం దానికి తగిలించిన కులం మాట మీదే.

పైకోర్టు సుప్రీంకోర్టుకు పంపిన ప్రశ్ననే చూడండి: అమృత్‌సర్‌లో పుట్టిన, పూర్తి భారతీయ రక్తం గల అగ్రకుల హిందువు తెల్లవాడా? థిండ్ హిందువు కారు, సిక్కు. ఆ రోజుల్లో అమెరికాలో భారతీయులందరినీ హిందువులనే పిలిచేవారు కాబట్టి ఆ మాటను వదిలేద్దాం. కానీ కులభేదాన్ని తిరస్కరించిన గురువుల మార్గంలో పెరిగిన మనిషి, తలపాగా తీయకుండానే అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి, కోర్టు కాగితాల్లో అగ్రకులస్థుడిగా నిలబడవలసి రావడం నాకు మింగుడుపడలేదు. పైగా ఆ వాదన ఆయనకు కలిసిరానూ లేదు. కుల నియమాలు రక్తం కలవడాన్ని పూర్తిగా ఆపలేకపోయాయని సదర్లాండ్ రెండు ముక్కల్లో కొట్టిపారేశారు.

భాషాప్రియ:

నేను తెలుగు బోధించేవాడిని. చట్టం నా రంగం కాదు. కానీ ఈ కేసులో మన భాషకు సంబంధించిన ఒక విషయం ఉంది.

ఉత్తర భారతీయులు కాకేసియన్లన్న థిండ్ వాదన ఆర్యులు అనే మాట మీద నిలబడింది. ఆ మాటకు ఐరోపా పండితులు ఇచ్చిన ఆధారం భాషలే: సంస్కృతానికీ, గ్రీకుకూ, లాటిన్‌కూ ఉన్న చుట్టరికం. అయితే దానికి వంద సంవత్సరాల ముందే, 1816లో, మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే ఉద్యోగి, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలో, తెలుగు సంస్కృతం నుండి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందినదనీ ధాతువులను పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ లెక్కన థిండ్ గెలిచి ఉంటే, మరుసటి ఏడాది మచిలీపట్నం నుండో రాజమండ్రి నుండో వెళ్ళిన తెలుగువాడు కోర్టులో ఏమని నిలబడాలి? ఆయన మాతృభాషే ఆయనకు వ్యతిరేక సాక్ష్యం అయ్యేది. ఉత్తరాది అగ్రకులాలకు తెరిచిన తలుపు మనకు మూసుకునే ఉండేదని నా నమ్మకం.

ఆర్య అన్నది భాషకు సంబంధించిన మాట, శరీరానికి సంబంధించినది కాదని సదర్లాండ్ కూడా రాశారు. ఆ మాట వరకు భాషాశాస్త్రం ఒప్పుకుంటుంది. కానీ దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ చదివితే మనసు చివుక్కుమంటుంది: లక్షలాది నల్లవారు ఇంగ్లీషు మాట్లాడతారు, అంతమాత్రాన వారి సంతతిని తెల్లవారి సంతతితో ఎన్నటికీ ఒకే జాతిగా లెక్కించలేము కదా అని.

మన ప్రాంతపువారిలో ఈ తీర్పు నీడ పడిన మనిషి యల్లాప్రగడ సుబ్బారావు. 1920ల తొలి సంవత్సరాల్లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లోనూ తరువాత లెడర్లీ ప్రయోగశాలలోనూ పనిచేసి, ప్రపంచానికి మందులు అందించిన పరిశోధనలు నడిపిన ఆ శాస్త్రవేత్తకు, 1946 దాకా ఆ దేశంలో పౌరసత్వం అడిగే అర్హతే లేదు. 1948లో పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

న్యూజెర్సీ నివాసి:

పెద్దలు చెప్పినవి శ్రద్ధగా చదివాను. వాదన ఎలా ఉండవలసిందో చర్చించే ముందు, ఓడిపోతే ఏమి పోయేదో చూడాలని నా మనవి.

వైష్ణో దాస్ బగాయ్ 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామానుతో వెళితే, వాళ్ళు లోపలికి రాకుండా ఇరుగుపొరుగువారు ఆ ఇంటికి తాళాలు వేశారు. ఇక్కడ పిల్లలను ఎలా పెంచుతామని కళ ఆ ఇంట్లో ఉండటానికి ఒప్పుకోలేదు. 1921లో ఆయనకు పౌరసత్వం వచ్చింది. థిండ్ తీర్పు తరువాత ప్రభుత్వం పదుల సంఖ్యలో భారతీయుల పౌరసత్వాలను వెనక్కి తీసుకుంది, ఆయనదీ పోయింది. పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు భూమి కొనరాదన్న కాలిఫోర్నియా చట్టం వల్ల ఆస్తి చేజారింది. స్వదేశం చూసి రావడానికి అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమంటే, ఆ పాలన వద్దనే వచ్చిన మనిషి కనుక నిరాకరించారు. 1928లో గ్యాస్ తెరుచుకుని ప్రాణం తీసుకున్నారు. బంగారు పంజరంలో బతుకు బతకదగినదేనా అని, దారులన్నీ మూసుకుపోయాయని, వెనుక వంతెనలు కాలిపోయాయని రాసిన ఆయన ఉత్తరం అక్కడి పత్రికలో అచ్చయింది. ఇవాళ బర్క్‌లీలో కళ బగాయ్ పేరిట ఒక వీధి ఉంది.

నేను పౌరసత్వానికి దరఖాస్తు నింపిన రాత్రి నాకు బాగా గుర్తు. ఎత్తు, బరువు, కళ్ళ రంగు, జుట్టు రంగు అడిగిన పేజీలోనే జాతి ఏమిటని కూడా ఉంటుంది. 'ఆసియన్' అన్న గడిలో టిక్కు పెట్టి పేజీ తిప్పేశాను, రెండు క్షణాలు కూడా పట్టలేదు. ప్రమాణం చేసిన రోజు ముందుగా గ్రీన్‌కార్డు వాళ్ళకు ఇచ్చేసి, చిన్న జెండా పట్టుకుని వరుసలో కూర్చున్నాను. బగాయ్ గురించి చదివింది ఆ తరువాతే. చదివిన రోజు బీరువాలోంచి నా పత్రం తీసి చాలాసేపు చూశాను. అప్పట్లో ఆ గడి కోసం ఎంత ఘోరమైన వాక్యం రాయమన్నా రాసేవాడినేమో. అందుకే థిండ్‌ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఓరుగల్లు వకీలు:

న్యూజెర్సీ మిత్రుడు చెప్పిన దానికి ఒక కేసు కలుపుతాను, ఎందుకంటే అది నా పాత మాటను కొంత సరిదిద్దుతుంది.

సఖారాం గణేశ్ పండిట్ కాలిఫోర్నియాలో న్యాయవాది, 1914లో పౌరసత్వం పొందినవారు. థిండ్ తీర్పు ఆధారంగా ప్రభుత్వం ఆయన మీద కూడా కేసు వేసింది. ఆయన గట్టిగా పట్టుకున్న అంశం జాతి కాదు. 1914లో కోర్టు అన్నీ విచారించి ఇచ్చిన ఉత్తర్వును నమ్ముకుని ఇన్నేళ్ళు జీవితం కట్టుకున్నాను, అది పోతే నా వృత్తి పోతుంది, అమెరికాలో పుట్టిన నా భార్య పౌరసత్వం కూడా పోతుంది, ఒకసారి తేలిపోయిన వివాదాన్ని మళ్ళీ తెరవకూడదు అన్నారు. భార్య సంగతి అతిశయోక్తి కాదు. అనర్హుడైన విదేశీయుడిని పెళ్ళాడిన స్త్రీ తన పౌరసత్వం కోల్పోయేలా 1922లోనే చట్టం చేశారు. 1926లో అప్పీలు కోర్టు పండిట్ వైపు తీర్పు చెప్పింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అప్పటి నుండి ప్రభుత్వం మిగిలినవారి మీద కేసులు నడపడం మానుకుంది. అంటే ఎవరి రక్తం గురించీ మాట్లాడకుండా గెలిచిన వాదన ఒకటి ఉంది. కాకపోతే అది అప్పటికే పౌరసత్వం చేతిలో ఉండి, దాన్ని కాపాడుకునేవారికే పనికొచ్చేది. కొత్తగా అడిగేవారికి ఉన్నవి మళ్ళీ ఆ రెండు గడులే.

భాషాప్రియ:

ఆ రెండు గడుల్లో రెండోది ఆఫ్రికా సంతతివారిది. ఇటువంటి కేసులు 1878 నుండి 1952 వరకు యాభైకి పైగా నడిస్తే, దాదాపు అందరూ మొదటి గడినే కోరారు. రెండోదాని వైపు చూడటానికి కూడా ఇష్టపడకపోవడం ఆ సమాజం గురించి ఎంతో చెబుతుంది.

కృష్ణాతీరం:

న్యూజెర్సీ మిత్రమా, మీరు చెప్పినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను థిండ్‌ను దోషిగా నిలబెట్టాలనుకోలేదు. ఆ వాక్యాన్ని మాత్రం దోషమనే అంటాను, దాన్ని రాసిన చేతిని కాదు. ఆకలితో ఉన్నవాడు పక్కవాడి కంచంలోంచి లాక్కుంటే అతణ్ణి శిక్షించకపోవచ్చు. కానీ పక్కవాడి కంచం ఖాళీ అయిందన్న మాట చెప్పకుండా ఉండలేము. కోర్టు గదిలో లేని ఆ ఆదివాసులకూ, ఆ నల్లవారికీ ఆ వాక్యం మీద జవాబు చెప్పే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

వేరే మాట అప్పటికే ఆ దేశంలో పుట్టి ఉంది కూడా. 1870లో ఆ చట్టాన్ని సవరిస్తున్నప్పుడు, చార్లెస్ సమ్నర్ అనే సెనేటర్ పౌరసత్వ చట్టాల నుండి 'తెల్ల' అన్న మాటనే తీసేయాలని ప్రతిపాదించారు, సెనేట్ తోసిపుచ్చింది. ఆయన అడిగినది జరగడానికి 1952 వరకు ఆగవలసి వచ్చింది. మనవారికి 1946లో లూస్ సెల్లర్ చట్టం తలుపు తీసినా, కొత్తగా వచ్చేవారికి ఏడాదికి వంద చొప్పున వాటా పెట్టింది. 1946లోనూ 1952లోనూ దారి తెరిచింది కాంగ్రెసులో ఒత్తిడి తెచ్చినవారే. అగ్రకుల రక్తం గురించి ఎవరూ ప్రమాణం చేయనవసరం లేకపోయింది. వకీలు గారు చెప్పినట్లు 1923లో కోర్టు గదిలో అది సాధ్యం కాదు, నిజమే. కానీ ఆ వాక్యం రాసిన అలవాటు కోర్టు గదిలో పుట్టలేదు, మనం ఇక్కడి నుండే మూటగట్టుకుని వెళ్ళాము. 2023 ఫిబ్రవరిలో, సరిగ్గా నూరేళ్ళకు, సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధిస్తూ నిర్ణయం చేయవలసి వచ్చిందంటే ఆ మూట ఇంకా దించలేదనే కదా. థిండ్ సైనిక దుస్తుల్లో తొలి పౌరసత్వం పొందింది కూడా సియాటిల్ ఉన్న ఆ వాషింగ్టన్ రాష్ట్రంలోనే.

ఆయన సంగతి ఒక్కటి చెప్పి నా మాట ముగిస్తాను. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఆసియావారికి పౌరసత్వం ఇచ్చే చట్టం 1935లో వచ్చింది. మరుసటి ఏడాది, న్యూయార్క్ రాష్ట్రంలో, థిండ్ మూడోసారి అమెరికా పౌరుడయ్యారు. ఈసారి ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కులం గురించి గాని, కాకేసియన్ల గురించి గాని ఎవరూ అడగలేదు. 1918లో ఆయన వేసుకున్న ఆ సైనిక దుస్తులే చాలాయి.