ఇంటర్ ఎంపీసీ పిల్లకి 35 వేలలో ట్యాబా, లాప్‌టాపా? (వైజాగ్)

గాజువాక అమ్మ:
మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, డే స్కాలర్. ఫోన్లో క్లాసులు చూసి చూసి కళ్ళు లాగేస్తున్నాయంటోంది, పీడీఎఫ్‌లో బొమ్మల మీద అక్షరాలు కనపడటం లేదంటోంది. ట్యాబ్ కొనమని పాప గొడవ. అదే డబ్బుకి లాప్‌టాప్ తీసుకుంటే రేపు బీటెక్‌కీ పనికొస్తుంది కదా అని వాళ్ళ నాన్న. బడ్జెట్ 35 వేలు, తప్పదంటే ఇంకో రెండు మూడు వేలు. ద్వారకానగర్‌లో నాలుగు షాపులు తిరిగాం, ఎవరి దగ్గర ఏ స్టాకుంటే అదే మంచిదంటున్నారు. వాడినవాళ్ళు చెప్పండి, మీలో మీరు కొట్లాడుకున్నా పర్లేదు.

ఉక్కునగరం షిఫ్ట్ బి:
లాప్‌టాపే, ఇందులో ఆలోచించేదేముందమ్మా. జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీదే, మన ఈఏపీసెట్ కూడా కంప్యూటర్ మీదే. 3 గంటల్లో 160 ప్రశ్నలు, చేతిలో మౌస్. ఏడాదంతా తెర మీద వేలితో నొక్కి నొక్కి అలవాటైన పిల్ల ఆ రోజు మౌస్ పట్టుకుంటే తడబడదా? పైగా ట్యాబ్ అంటే పెద్ద ఫోను, చదువు పేరు చెప్పి రీల్స్ చూసుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

సీతమ్మధార సీఎస్ఈ:
ఏటన్నా, మౌస్ పట్టుకోవడానికి ఏడాది ప్రాక్టీసు కావాలేటి! ఐప్యాడ్‌కైనా ఆండ్రాయిడ్ ట్యాబ్‌కైనా బ్లూటూత్ మౌస్ తగులుతుంది, ఐప్యాడ్‌లో 2020 నుంచి ట్రాక్‌ప్యాడ్ కూడా చక్కగా పనిచేస్తోంది. మాక్ టెస్టు రాసేటప్పుడు మౌస్ పెట్టుకుంటే సరిపోయె. నేను బీటెక్ సెకండియర్, నా దగ్గర రెండూ ఉన్నాయి. కోడింగ్ అంతా లాప్‌టాప్ మీదే, ట్యాబ్ మీద ప్రోగ్రామ్ రాయమంటే నా వల్ల కాదు, అది ఒప్పుకుంటా. కానీ లెక్కలు చేసేటప్పుడు, పీడీఎఫ్ మీద గీతలు గీసుకుంటూ చదివేటప్పుడు లాప్‌టాప్ జోలికే పోను. ఇంకోటి ఆలోచించండి, 35 వేలకి వచ్చే లాప్‌టాప్ ఇప్పుడు కొంటే పాప బీటెక్‌లో చేరేసరికి దాని బ్యాటరీ సగం పోయుంటుంది, పైగా ఏ బ్రాంచ్ వస్తుందో తెలీదు. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ నడవాల్సిన సివిల్‌కి ఒక రకం కావాలి, మామూలు కోడింగ్‌కి ఒక రకం చాలు. ఇప్పుడే కొని మూల పెట్టడం దేనికి?

పెందుర్తి పెన్ను:
అమ్మా, కంపెనీ పేర్ల దగ్గరికి వెళ్ళకముందు టేపు తీసి కొలవండి. షాపువాడు చెప్పే అంగుళాలు తెర మూల నుంచి మూలకి ఉండే కొలత, అది చూసి కొంటే పప్పులో కాలేసినట్టే. పాప చదివే మెటీరియల్ దాదాపు అంతా ఏ4 పేజీలే కదా. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7, అంటే వెడల్పుకి పొడవు 1.41 రెట్లు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో చాలావరకు తెర 16:10 నిష్పత్తిలో ఉంటుంది. సినిమాకి భేషుగ్గా ఉంటుంది కానీ నిలువుగా పట్టుకుంటే సన్నగా పొడుగ్గా కనపడుతుంది. 11 అంగుళాల 16:10 తెరకి వెడల్పు సుమారు 14.8 సెంటీమీటర్లే. 10.9 అంగుళాల ఐప్యాడ్ తెర దానికంటే చిన్నదని కాగితం మీద రాసుంటుంది గానీ వెడల్పు 15.8 వస్తుంది, ఎందుకంటే దాని ఆకారం ఏ4కి దగ్గర. ఆ ఒక్క సెంటీమీటరే ఆర్గానిక్ కెమిస్ట్రీలో బెంజీన్ రింగు పక్కన ఉండే చిన్న అంకెలు కనపడతాయా లేదా తేలుస్తుంది. ఇక 8.7 అంగుళాలదైతే వెడల్పు 11 చిల్లర, పేజీ ఇంచుమించు సగానికి కుంచించుకుపోతుంది. 2022 డిసెంబరులో ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకి ఇచ్చిన ట్యాబ్‌లు ఆ సైజువే. వీడియో పాఠాలకి అవి చాలు, పేజీ చదవాలంటే మళ్ళీ జూమ్ చేసుకోవడమే. పాప గోల అదే కదా, కాబట్టి పది అంగుళాల కంటే తక్కువది చూడొద్దు.

రెండోది పెన్ను. పెన్ను లేకుండా ట్యాబ్ కొనేటట్టయితే ఉక్కునగరం గారి మాటే రైటు, అది పెద్ద ఫోనే. బయట దొరికే రబ్బరు మొన పెన్నులు వేలికి బదులుగా పనిచేస్తాయంతే, అరచెయ్యి తెరకి ఆనిందంటే అక్కడా ఓ గీత పడుతుంది. ట్యాబ్‌తో పాటు కంపెనీ ఇచ్చే అసలు పెన్నయితే అరచేతిని పట్టించుకోదు. శాంసంగ్‌లో ఎస్6 లైట్, ఎస్9 ఎఫ్‌ఈ లాంటి వాటికి పెన్ను డబ్బాలోనే వస్తుంది, దానికి ఛార్జింగ్ గొడవ కూడా లేదు. అదే శాంసంగ్‌లో ఏ9 ప్లస్‌కి ఆ పెన్ను పనిచెయ్యదు, షాపులో ఇది చెప్పరు. ఐప్యాడ్‌కి పెన్సిల్ (వాళ్ళ పెన్ను పేరు అదే) విడిగా కొనాలి. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ 128 జీబీది 34,900తో మొదలైంది, యూఎస్‌బీ-సీ పెన్సిల్ అప్పట్లో 7,900. కలిపితే 42,800. ఆఫర్లు లేకపోతే మీ బడ్జెట్ దాటిపోతుంది. ఆ పెన్సిల్‌కి ఒత్తిడిని బట్టి గీత లావు మారే వసతి లేదు కానీ లెక్కలకి అదెందుకు, బొమ్మలేసేవాళ్ళు బాధపడాలి.

మద్దిలపాలెం మాస్టారు (రిటైర్డ్ లెక్చరర్):
మీరంతా మర్చిపోయిన విషయం ఒకటుంది. ఇంటర్ బోర్డు పరీక్ష కాగితం మీదే. జేఈఈలో కూడా రఫ్ వర్క్ కాగితం మీద పెన్నుతోనే చెయ్యాలి. తెర మీద రాసే పిల్లలకి తప్పు చేస్తే వెనక్కి వెళ్ళే బటన్ ఉంటుంది, కొట్టివేతలు ఉండవు, అందుకని ఆలోచించకుండా రాసేస్తారు. స్టెప్పులు వరసగా పెట్టే అలవాటు పోతుంది. మెటీరియల్ జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే కళ్ళూ బాగుంటాయి, డబ్బూ మిగులుతుంది. వీడియోలు చూడటానికి ఇంట్లో టీవీ లేదా?

పెందుర్తి పెన్ను:
మాస్టారూ, కొట్టివేతల మాట నిజమే, రాసే ప్రాక్టీసు కాగితం మీదే చెయ్యాలి, దాంట్లో నాకు పేచీ లేదు. కానీ రెండేళ్ళ మెటీరియల్ మొత్తం జిరాక్స్ తీయిస్తే ఇంట్లో బీరువా ఒకటి దానికే కావాలి. పైగా రంగు బొమ్మలు జిరాక్సులో నల్లగా ముద్దలా వస్తాయి. ట్యాబ్ చదువుకోవడానికి, పక్కన నోట్సు రాసుకోవడానికి. లెక్క చెయ్యడానికి కాగితం. రెంటికీ చోటుంది.

డాబాగార్డెన్స్ బాధితుడు:
బడ్జెట్ తక్కువని సెకండ్ హ్యాండ్ ఐప్యాడ్ వైపు మాత్రం వెళ్ళకండి అక్కా. నాకు ఒక షాపులో బ్యాటరీ కొత్తగా ఉందని చెప్పి అంటగట్టారు, తీరా చూస్తే పాఠం మధ్యలోనే 30 శాతం నుంచి ఒక్కసారిగా ఆగిపోయేది. ఐఫోన్లో లాగా బ్యాటరీ ఆరోగ్యం ఎంతో సెట్టింగ్స్‌లో చూద్దామంటే పాత ఐప్యాడ్‌లలో అది కనపడదు. ఒకవేళ కొన్నా, పాత ఓనరు ఖాతాలోంచి అది తీసేశాడో లేదో మీ ఎదురుగా రీసెట్ చేయించి చూసుకోండి. లాక్ ఉండిపోయిందంటే అది పీటకి కూడా పనికిరాదు.

అక్కయ్యపాలెం ఆండ్రాయిడ్:
ఐప్యాడ్ వాళ్ళు ఎక్కువ ఏళ్ళు అప్‌డేట్లు ఇస్తారని ఎవరో ఒకరు అంటారు కదా, అది నిజమే. 2018లో వచ్చిన మామూలు ఐప్యాడ్‌కి 2023లో ఐప్యాడ్‌ఓఎస్ 17 కూడా ఇచ్చారు, 18 మాత్రం ఇవ్వలేదు. కానీ ఐప్యాడ్‌లో మెమరీ కార్డు పెట్టుకునే చోటే లేదు. క్లాసు వీడియోలు డౌన్‌లోడ్ చేసుకునే పిల్లలకి అది చిన్న విషయం కాదు. పైన చెప్పిన రెండు శాంసంగ్‌లకీ కార్డు పడుతుంది. ర్యామ్ 4 జీబీ ఉన్నది మాత్రం వద్దు, ఒక పక్క వీడియో, ఇంకో పక్క నోట్స్ పెట్టారంటే నత్తనడకే.

గాజువాక అమ్మ:
అందరికీ థాంక్స్. సిమ్ ఉన్నది తీసుకోవాలా, వైఫై చాలా? పాప కాలేజీ బస్సులో గంట కూర్చుంటుంది.

సీతమ్మధార సీఎస్ఈ:
వైఫై చాలండి, రాత్రే డౌన్‌లోడ్ పెట్టుకోమనండి. మరీ అవసరమైతే ఫోన్ హాట్‌స్పాట్ ఉంది. సిమ్ మోడల్‌కి పెట్టే ఆ అదనపు డబ్బు పెన్ను మీద పెట్టండి. అన్నట్టు మే నెలలో కరెంటు పోయినప్పుడు మన వైజాగ్ ఉక్కకి అరచెయ్యి అద్దానికి అతుక్కుపోయి రాయడం నరకం, తెర మీద గరుకుగా ఉండే మ్యాట్ గార్డ్ వేయించుకుంటే నయం. కాకపోతే పెన్ను మొన తొందరగా అరుగుతుంది, మొనలు విడిగా దొరుకుతాయి.

ఉక్కునగరం షిఫ్ట్ బి:
పెన్ను, గార్డు, కవరు, మొనలు, మెమరీ కార్డు. ఇవన్నీ కలిపితే నేను చెప్పిన లాప్‌టాప్ ధరకే వచ్చారు చూడండి. రీల్స్ సంగతి ఎవరూ మాట్లాడరేం?

పెందుర్తి పెన్ను:
రీల్స్ లాప్‌టాప్‌లో కూడా వస్తాయి సార్. ట్యాబ్‌లోనైతే ఏ యాప్ ఎంతసేపు తెరవాలో తల్లిదండ్రులు గడువు పెట్టొచ్చు, ఐప్యాడ్‌లో స్క్రీన్ టైమ్ అని, ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్ అని. అమ్మా, షాపుకి పాపని తీసుకెళ్ళండి. తన మెటీరియల్ పీడీఎఫ్ ఒకటి మెయిల్‌లో పెట్టుకోమనండి. డెమో పీస్ మీద అది తెరిచి, నిలువుగా పట్టుకుని, జూమ్ చెయ్యకుండా చదవమనండి. తర్వాత అరచెయ్యి పూర్తిగా ఆనించి అదే పేజీ మీద ఇంటిగ్రేషన్ లెక్క ఒకటి రాయించండి. డెమో పీస్ ముట్టుకోనివ్వం అన్నారంటే పక్క షాపుకి వెళ్ళిపోండి.

గాజువాక అమ్మ:
ఆదివారం వెళ్తాం. లాప్‌టాప్ పార్టీ కూడా మాతోనే వస్తోంది, అక్కడ ఎవరు గెలుస్తారో చూడాలి.